కంపెనీయేతర దీపగృహం

మా ఆఫీసులో మోటారు సైకిలు హెడ్‌లైటు బల్బు మార్చుకోవాలంటే తొమ్మిది సంతకాలు కావాలన్న నిబంధన రాసింది నేనే. ఎవరో రాసిన దానికి నేను బలయ్యానని చెప్పుకునే భాగ్యం నాకు లేదు. చిత్తుప్రతి నాది, శుద్ధప్రతి నాది. అందులో "దీపగృహం" అనే మాట తట్టినప్పుడు పక్క సీటులో ఎవరూ మెచ్చుకోకపోతే, నన్ను నేనే మెచ్చుకుని టీ తెప్పించుకున్నాను.

నా పేరు వెల్దండి సాంబమూర్తి. ప్రాంతీయ సమన్వయ పర్యవేక్షణ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. మేం దేన్ని సమన్వయిస్తామో ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు ఇదమిత్థంగా తెలియలేదు గాని, పర్యవేక్షణకు మాత్రం ఏనాడూ లోటు రానివ్వలేదు. "సాంబమూర్తి రాస్తే కామా కూడా కదలదు" అని ఆఫీసులో అంటారు. దాన్ని నేను పొగడ్త అనుకునేవాణ్ణి.

దసరా సెలవుల తర్వాతి వారం ఒక సాయంత్రం మా జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు కారు నడుపుకుంటూ ఆఫీసు గేట్లోకి వస్తున్నారు. బయటికి పోతున్న ఏదో మోటారు సైకిలు లైటు ఆయన కళ్ళలో పడింది. ఆయన కళ్ళు మూసుకున్నారు గాని బ్రేకు తొక్కలేదు. కారు వెళ్ళి గేటు స్తంభాన్ని రాసుకుంది. స్తంభానికి సున్నం రాలింది, కారుకు రంగు రాలింది, మర్నాడు పొద్దున్నే మాకు సమావేశం పడింది.

"మన ప్రాంగణంలో కాంతి క్రమశిక్షణ లోపించింది," అన్నారు పరాంకుశం గారు. ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా ఈ భాషలోనే అడుగుతారని ప్రతీతి. "నేను వెలుగుకు వ్యతిరేకిని కాను. కాని అది అనుమతి పొందిన వెలుగై ఉండాలి. ఈ దుస్థితికి మూలకారణం ఏమిటి?"

అందరూ నోటు పుస్తకాల్లో తేదీ వేసుకున్నారు. అప్పుడు నేను కూడా తేదీ వేసుకుని ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. కాని ఒక ప్రశ్న గాలిలో వేలాడుతుంటే నాకు కూర్చోబుద్ధి కాదు. లేచాను. బండి ముందు లైటుకు అద్దంతో సహా ఉండే గుండ్రటి డొప్పను మెకానిక్కులు డూమ్ అంటారని, కంపెనీ ఇచ్చిన డూమ్ పగిలితే జనం బజారులో దొరికే చవక డూమ్ బిగించుకుంటారని, అందులో బల్బు సరిగ్గా కూర్చోక వెలుతురు పైకి కొడుతుందని, ఎప్పుడో పేపర్లో చదివిందంతా అప్పగించాను.

"డూమ్ అనే పదం దస్త్రంలో శోభించదు," అన్నారు పరాంకుశం గారు. "సాంబమూర్తీ, తగిన పదాన్ని మీకే వదిలేస్తున్నాను."

ఆ ఒక్క మాటతో నేను పడిపోయాను. సాయంత్రానికి డూమ్ దీపగృహమైంది, ఆరు పేజీల సర్క్యులర్ తయారైంది. ఉద్యోగుల బండ్లన్నీ తనిఖీ చెయ్యాలి. కంపెనీయేతర దీపగృహం ఉన్న బండికి, ఇకమీదట అందులో ఎవరూ ఏ మార్పూ చేయకుండా, స్క్రూల మీద లక్క సీలు వెయ్యాలి. సీలు పగిలితే క్రమశిక్షణ చర్య. బల్బు మాడితే దీప క్రమశిక్షణ సంఘానికి దరఖాస్తు పెట్టుకుని, తొమ్మిది సంతకాలయ్యాక, సంఘం ఎదుట సీలు తీయించుకోవాలి. పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ సీలు చూశాకే హాజరు పట్టీలో సంతకం. సంఘానికి అధ్యక్షులు పరాంకుశం గారు. సభ్య కార్యదర్శిని నేను.

సీలు వేసే రోజు కంపెనీ డూమ్ ఏదో, బజారు డూమ్ ఏదో చెప్పగల నిపుణుడు కావలసివచ్చి, బస్టాండు వెనక సందులో ఉండే మెకానిక్ మొగిలిని పిలిపించాం. పరాంకుశం గారు పార్కింగులో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నలభై మూడు బండ్లు వరసగా నిలబెట్టారు. మొగిలి ఒక్కొక్క అద్దం మీద వేలితో కొట్టి చూస్తూ, "కంపెనీ, లోకల్, లోకల్, కంపెనీ" అంటూ సాగిపోయి, పదిహేనో బండి దగ్గర ఆగాడు.

"ఇది లోకల్."

"సరిగ్గా చూడు," అన్నాను. ఆ బండి నాది.

"సూసేదేముంది సారూ? రెండేండ్ల కింద మీ బండి స్టాండు మీంచి పడి డూమ్ పలిగితే నేనే బిగిచ్చిన గద. కంపెనీది దండుగ, లోకల్‌ది ఏస్తే ఏమైతదని మీరే అంటిరి."

నిజంగానే మరిచిపోయాను. మిగతా నలభై రెండు బండ్ల వాళ్ళూ నవ్వారు. పరాంకుశం గారు నవ్వలేదు. "నిబంధనకు స్వపర భేదం లేదు. ముందు సభ్య కార్యదర్శి బండితోనే ప్రారంభించండి," అన్నారు. నా బండికి నేనే లక్క కరిగించి పోసి, నేనే ఆఫీసు ముద్ర ఒత్తాను. ఒక చుక్క చేతి మీద పడి కాలింది. అందరూ చూస్తున్నారని అరవలేదు.

మొగిలి తల గోక్కుంటూ నిలబడ్డాడు. "సారూ, సీలు ఏసే ముందుగాల నన్ను ఒక్కొక్క బండిది స్క్రూ ఇప్పనియ్యిండ్రి. బల్బు పిన్ను గాడిల సరిగ్గ కూసోబెడితే లైటు రోడ్డు మీదికి దిగుతది. ఎవల కండ్లల్లా పడది. పావుగంటకు ఓ బండి."

"నిపుణుని కర్తవ్యం గుర్తించడం," అన్నారు పరాంకుశం గారు. "సలహా ఇవ్వడం కాదు."

మొగిలి నా వైపు చూశాడు. నేను చేతిలోని ముద్ర వైపు చూశాను. అలా ముప్ఫై ఒక్క బండ్ల లైట్లు, చెట్ల కొమ్మల్లోకి చూస్తున్నవి చూస్తున్నట్టే, మా కార్యాలయం రాజముద్రతో స్థిరపడిపోయాయి.

పంతొమ్మిదో రోజున నా బల్బు మాడింది.

మొగిలి దగ్గరికి వెళ్తే, అతను స్క్రూడ్రైవరు చేతికి తీసుకునే మాట్లాడాడు. "రెండు నిమిషాల పని. లక్క గీకెయ్యాల్నా?"

"వద్దు. దానికో పద్ధతుంది."

"పద్ధతి ఎలుగుతదా సారూ రోడ్డు మీద?" అన్నాడు.

మెకానిక్కులకు దస్త్రం విలువ తెలియదని సరిపెట్టుకుని, మర్నాడు దరఖాస్తు రాశాను. దరఖాస్తులు తీసుకోవలసింది సభ్య కార్యదర్శి. కాబట్టి కుడిచేత్తో ఇచ్చి, ఎడమచేత్తో పుచ్చుకుని, అందినట్టు ముద్ర వేసుకున్నాను. తర్వాత దాన్ని నిష్పాక్షికంగా పరిశీలించాను. "బల్బు మాడినదనుటకు రుజువు జతపరచలేదు" అని రాసి, నాకు నేనే తిప్పి పంపుకున్నాను. రుజువంటే మాడిన బల్బు. బల్బు బయటికి తీయాలంటే సీలు తీయాలి. సీలు తీయాలంటే బల్బు మాడిందని రుజువు కావాలి. ఈ ముడి నేను రాసిన మూడో పేజీలోనే ఉంది. రాసేటప్పుడు దాని బిగువు చూసి ముచ్చటపడ్డాను కూడా.

చివరికి పరాంకుశం గారిని పార్కింగుకు తీసుకెళ్ళి, స్విచ్చి వేసి చూపించాను. లైటు వెలగలేదు.

"వెలగకపోవడం మాడిపోవడానికి నిదర్శనం కాజాలదు," అన్నారాయన. "వెలగకపోవడానికి అనేక హేతువులుంటాయి. పోలిక నిమిత్తం అసలు దీపగృహాన్ని సమర్పించండి."

"అది పగిలిపోయి, పాత సామాన్లవాడికి పోయి రెండేళ్ళయింది సార్."

"అయితే లభ్యం కాదని అతని నుంచి ధ్రువపత్రం తెండి." రెండడుగులు వేసి ఆగారు. "మీ దరఖాస్తును మీరే తిప్పి పంపుకున్నారని విన్నాను. విధి నిర్వహణ అంటే అదీ. మీ గురించి పైకి రాస్తాను."

నా ఛాతీ ఉబ్బింది. లైటు లేని బండి తోసుకుంటూ గేటు దాటుతున్నవాడికి అంత ఛాతీ ఏం చేసుకోవడానికో అప్పుడు తోచలేదు. పాత సామాన్లవాడు మాత్రం ధ్రువపత్రం అనే మాట వినగానే త్రాసు లోపల పెట్టేసుకుని, "నేనేం కొన్లే, నాకేం తెల్వద్" అని తలుపు వేసుకున్నాడు.

ఆ వారం మా ఆవిడ జమునని వాళ్ళ చెల్లెలి ఇంటి నుంచి తీసుకొస్తుంటే దారిలో పొద్దుపోయింది. ఆమె వెనక కూర్చుని, నా భుజం మీదుగా టార్చిలైటు పట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి ఊగి వెలుతురు పక్క చేలోకి పోయేది. "ఏందండీ, ఊరందరి లైట్లు బాగుచెయ్యమని మిమ్మల్ని సంఘంల ఏసిన్రా, ఆర్పమని ఏసిన్రా?" అంది. అది నువ్వు అనుకున్నంత తేలిక విషయం కాదని మొదలుపెట్టి, ఇల్లు చేరేదాకా మూడో పేజీ వివరించాను. ఆమె టార్చి ఆర్పేసింది.

మర్నాడు మధ్యాహ్నం మా అటెండరు యాకయ్య నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రిటైరు కావడానికి మూడేళ్ళున్న మనిషి. చింతగూడెం నుంచి పదహారు కిలోమీటర్లు పాత బండి మీద వచ్చిపోతుంటాడు. ఆఫీసులో నాకంటే ముందు వచ్చేది అతనొక్కడే.

"సారూ, నా బండి లైటు గూడ పోయింది. ఆరు గొట్టేసరికి సీకటైతాంది. వడ్ల కాలమాయె, రోడ్డుకు సగం ఎండబోసిన వడ్లే. మీది ఎట్ల జేసుకున్నరో నాది గట్లనే జెయ్యిండ్రి."

నాది ఎలా చేసుకున్నానో చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గును కప్పిపుచ్చుకోవడానికి సొరుగు లాగి ఫారం ఇచ్చాను. "నింపి ఇవ్వు. నీది రెండో నంబరు. ఒకటో నంబరు తేలితే గాని రెండోది కదలదు."

"ఒకటో నంబరు ఎవలది సారూ?"

"నాది."

యాకయ్య ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోనీ ఈ నాలుగు దినాలు నాలుగున్నరకు పోనియ్యిండ్రి. ఎలుగుండంగ ఇల్లు జేరుత. పొద్దుగాల గంట ముందుగాలొస్త."

"ముందుగా పోవడానికి సర్క్యులర్‌లో వెసులుబాటు లేదు యాకయ్యా," అన్నాను.

అబద్ధం కాదు. వెసులుబాటు లేదు. ఆరు పేజీలు రాసిన వాడికి ఆ ఒక్క వాక్యం రాయాలని తట్టలేదు, అంతే.

"సరే సారూ. మెల్లగ పోత తియ్," అన్నాడు.

ఎనిమిది రోజులు మెల్లగానే పోయాడు. తొమ్మిదో రోజు పొద్దున నా కంటే ముందు ఎవరూ రాలేదు. గది తాళం కూడా తీసి లేదు. వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. నిన్న సాయంత్రం వాళ్ళ ఊరి పొలిమేరలో, రోడ్డు మీది వడ్ల కుప్ప మీద నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద బండరాళ్ళు పెట్టారట. నలుపులో నలుపు కలిసిపోయింది. యాకయ్య బండి నేరుగా రాయికి కొట్టుకుందట. మెడ కింది ఎముక విరిగింది. ఎడమ చెయ్యి మణికట్టు విరిగింది.

బత్తాయిలు తీసుకుని ఆసుపత్రికి పోయాను. యాకయ్య మంచం మీద కట్లతో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కాళ్ళ దగ్గర కూర్చున్న అతని భార్య సోమలక్ష్మి భుజం పట్టి పడుకోబెట్టింది. బత్తాయిల సంచీ ఎక్కడ పెట్టాలా అని నేను చూస్తుండగా యాకయ్యే ముందు మాట్లాడాడు.

"సారూ, ఒక్క మాట. బండి పడ్డప్పుడు ఆ లక్క పలిగింది. నేను పలగ్గొట్టలే. పిల్లల మీద ఒట్టు. గది జర కాయితం మీద రాయిండ్రి. ఇంక మూడేండ్ల సర్వీసున్నది."

"రాత్రి సంది గదే మాట సారూ," అంది సోమలక్ష్మి నా మొహం చూడకుండా. "బొక్క ఇరిగిందని ఏడుస్తలేడు. లక్క పలిగిందని ఏడుస్తాండు."

"నేను రాస్తాలే యాకయ్యా," అన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట రోజుకు పదిసార్లు అంటూనే ఉన్నాను. అది ఎలా వినిపిస్తుందో ఆ రోజే తెలిసింది. బత్తాయిల సంచీ మంచం పక్కన పెట్టి, గబగబా బయటికి వచ్చేశాను. ఎవరూ నన్నేమీ అనలేదు. అనుంటే నా తరఫున చెప్పుకోవడానికి ఒక మూడో పేజీ ఉండేది.

మధ్యాహ్నం పన్నెండుకు దీప క్రమశిక్షణ సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"జరిగిన దానికి చింతిస్తున్నాను," అన్నారు పరాంకుశం గారు. కాసేపు నిజంగానే చింతించారు కూడా; కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే సంఘం దృష్టి నుంచి పరిశీలిద్దాం. ప్రమాద సమయంలో సదరు దీపం వెలగలేదు. కనుక ఎదుటివారి నేత్రాలకు ఎట్టి అసౌకర్యమూ కలగలేదు. నిబంధన ఆశయం సంపూర్ణంగా నెరవేరినట్టే. మిగిలింది ముద్రాభంగం. యాకయ్య నుంచి సంజాయిషీ కోరుతూ మెమో వెళ్ళాలి. సాంబమూర్తీ, అది మీ కలం నుంచే రావాలి."

సీటుకు వచ్చి కూర్చుని కాగితం తీశాను. "సదరు ఉద్యోగి తన ఆధీనమందున్న వాహనపు ముద్రను సంరక్షించుటలో కనబరచిన నిర్లక్ష్యమునకు గాను..." వాక్యం ఆగకుండా వచ్చింది. ఎక్కడా కొట్టివేత లేదు. కామాలు కూడా ఉండవలసిన చోటనే ఉన్నాయి. మంచం మీద కట్లతో ఉన్న మనిషి గురించి నా చెయ్యి ఇంత చక్కగా రాయగలిగిందే అనుకుంటే నాకు భయమేసింది. కలం మూత పెట్టేసి, లంచ్ బెల్లు కొట్టకముందే బండి తీశాను.

మొగిలి షాపు ముందు టీ తాగుతున్నాడు. "స్క్రూడ్రైవరు ఇవ్వు," అన్నాను.

"నేను జేస్త, మీరు కూసోండ్రి."

"కాదు, నేనే చెయ్యాలి."

రోడ్డు మీద పట్టపగలు, పోయేవాళ్ళంతా చూస్తుండగా లక్క గీకాను. నేను పోసిన లక్క కాబట్టి మహా గట్టిగా ఉంది. స్క్రూలు విప్పితే డూమ్ చేతిలోకి వచ్చింది. వెనక రబ్బరు మూత తీసి, దాని కింది స్ప్రింగు క్లిప్పు పక్కకు నెట్టమన్నాడు మొగిలి. నెట్టబోతే అది ఎగిరి నా వేలికి గుచ్చుకుంది. బల్బు బయటికి వచ్చింది. అద్దం లోపల నల్లబారి, తీగ తెగి రెండు ముక్కలై ఉంది. ఇన్నాళ్ళు సంఘం కోరిన రుజువు నా అరచేతిలో పడుకుని ఉంది.

కొత్త బల్బు తీసుకోబోతే మొగిలి కేకేశాడు. "అద్దం ముట్టుకోకుండ్రి! చేతి జిడ్డంటితే దినాలల్ల మాడుతది. కిందికెల్లి పట్టుకోండ్రి." బల్బు అంచుకు మూడు పిన్నులున్నాయి. బజారు డూమ్‌లో వాటికుండే గాడి ఒకటి ఇరుకుగా ఉంది. ఆకురాయితో రెండుసార్లు రాస్తే పిన్ను టక్కున కూర్చుంది. స్విచ్చి వేసి చూస్తే ఎదురుగా షాపు లోపలి చీకటి గోడ మీద వెలుతురు నడుమెత్తున పడింది. మొగిలి డూమ్‌ని కొంచెం కిందికి వంచి బిగించాడు. వెలుతురు మోకాలి కిందికి దిగింది. మొగిలికి రెండు నిమిషాల పని నాకు నలభై నిమిషాలు పట్టింది.

తిరిగి వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ సీలు కోసం చూసి, లేదని నా మొహం చూశాడు. అక్కడే నిలబడి అరకాగితం మీద రాశాను. "నా బండి సీలు నేనే పగలగొట్టాను. యాకయ్య లైటు బాగుచేసుకుంటానన్నాడు, నేను ఒప్పుకోలేదు. వెలుగుండగా ఇంటికి పోతానన్నాడు, దానికీ నేను ఒప్పుకోలేదు. మెమో అతనికి కాదు, నాకివ్వాలి." దాన్ని తీసుకెళ్ళి పరాంకుశం గారి టేబులు మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే సార్."

"మీ భాషలా లేదే," అన్నారు.

మర్నాడు పొద్దున మొగిలి షాపు ముందు మా ఆఫీసు బండ్లు బారులు తీరాయి. సాయంత్రానికి మిగతా ఇరవై తొమ్మిది సీళ్ళూ అతని గుమ్మం ముందు ఎర్రటి పెంకుల్లా పడి ఉన్నాయి. ఇరవై తొమ్మిది మెమోలు రాయాలి. రాసే మనిషిని నేను, నేనే నిందితుణ్ణి. నిందితుడు మెమో రాయరాదని ఐదో పేజీలో రాసిందీ నేనే. ఇంకో మనిషి దొరకలేదు. మూడు రోజులు ఆలోచించి పరాంకుశం గారు స్వహస్తాలతో ఒక ప్రకటన రాసి బోర్డు మీద పెట్టించారు. కాంతి క్రమశిక్షణ ఉద్యమం తన లక్ష్యాలన్నీ సాధించి విజయవంతంగా ముగిసిందట. అందులో రెండు అక్షరదోషాలున్నాయి. దిద్దుదామని చెయ్యి లాగింది గాని ఊరుకున్నాను.

నన్ను రికార్డు గదికి మార్చారు. అక్కడ రాసే పని లేదు. ఉన్నవన్నీ ఇదివరకే ఎవరో రాసినవి. వాటిని చెదలు మాత్రమే శ్రద్ధగా చదువుతాయి. యాకయ్యకు మెమో పోలేదు.

మాఘమాసంలో యాకయ్య మళ్ళీ డ్యూటీలో చేరాడు. ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. క్లచ్చు పట్టుకోవడానికి వేళ్ళలో బలం లేదు. బస్సు అతని ఊరికి మూడు కిలోమీటర్ల ఇవతలే ఆగుతుంది. "రోజూ నేను దింపుతా," అన్నాను. వద్దన్నాడు. మూడు రోజులు వద్దన్నాడు. నాలుగో రోజు బండి అతని ముందు ఆపి, ఎక్కేదాకా కదల్లేదు.

మొదట్లో వెనక బిగుసుకుని కూర్చునేవాడు. వారం తిరిగేసరికి మాటలు మొదలుపెట్టాడు. నాటు వేసిన పొలం గురించి, అల్లుడు కొన్న బర్రె గురించి చెబుతూనే ఉండేవాడు. ఒక సాయంత్రం ఊరు దాటాక పొద్దు గూకింది. లైటు వేశాను. బర్రె పాల దగ్గర ఉన్న యాకయ్య ఉన్నట్టుండి మాట ఆపి, కుడిచేత్తో నా భుజం తట్టాడు.

"సారూ, డిమ్ము కొట్టుండ్రి. ఎదురుంగ బండొస్తాంది."

"ఏంటి?"

"డిమ్ము సారూ. గా ఎడమ చెయ్యి బొటనేలు కాడ స్విచ్చి."

ఆ స్విచ్చి అక్కడ ఉందని నాకు తెలుసు. పదకొండేళ్ళుగా ఈ బండి నడుపుతున్నాను. అది నాలాంటి వాడు కూడా నొక్కవలసిందని ఏనాడూ అనుకోలేదు. ఆరు పేజీల్లో దాని ప్రస్తావనే లేదు.

బొటనవేలితో నొక్కాను. వెలుతురు దిగి రోడ్డు మీద పరుచుకుంది. ఎదుటి బండి మనిషి కూడా డిమ్ము కొట్టాడు. పక్కనుంచి పోతూ తల ఊపాడు. నేనూ ఊపాను.

"ఎవలు సారూ, మీకెర్కేనా?" అన్నాడు యాకయ్య.

"తెలియదు," అన్నాను.

"మంచోడే ఉన్నడు," అని, యాకయ్య బర్రె దగ్గరికి మళ్ళీ వచ్చాడు. పూటకు నాలుగు లీటర్లు ఇస్తుందట.